పదిమంది ఉంటేనే అలలు

వాదనలో ఓడిపోయి బాధపడేవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళలో సగంమంది మా ఇంట్లోనే ఉన్నారు. గెలిచి బాధపడటం మాత్రం నాకు అలవాటు లేని పని. అది ఒక్కసారే జరిగింది. ఆషాఢమాసంలో, శని ఆదివారాలకు పీర్ల పండగ సెలవు తగులుకున్నప్పుడు, మా ఊరి దగ్గరున్న థీమ్ పార్కులో జనం ఉంటారా ఉండరా అని మా ఇంట్లో వారం రోజులు వాదన జరిగింది. ఉండరని నేనన్నాను. గెలిచాను. గెలిచి, ఆ పార్కు లోపల నిలబడి, ఈ ఒక్కసారికి ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

ముందు పార్కు సంగతి చెప్పాలి. అనంతపురం దాటి హైవే మీద కొంచెం దూరం పోతే, రెండు బోడిగుట్టల మధ్య, చుట్టూ ఎర్రనేల తప్ప ఇంకేమీ లేని చోట, ఒకాయన నీళ్ళ పార్కు కట్టాడు. ఎంత లోతు బోరు వేసినా దుమ్ము లేచే నేల మీద నీళ్ళ పార్కు కట్టాలంటే గుండెధైర్యమైనా ఉండాలి, ట్యాంకర్లు నడిపే బావమరిదైనా ఉండాలి. ఆయనకు రెండూ ఉన్నాయని ఊళ్ళో అనుకుంటారు. లోపల సిమెంటు డైనోసారు ఒకటి, నాలుగైదు జారుడుబండలు, పైనుంచి పైపులతో వాన కురిపించే రెయిన్ డాన్స్ ఒకటి, అన్నిటికంటే గొప్పది అలల కొలను. సముద్రం చూడాలంటే మా వాళ్ళు రాత్రంతా ప్రయాణం చెయ్యాలి. ఇక్కడ మోటారు వేస్తే సముద్రమే మన దగ్గరికి వస్తుంది. ఇక వాన సంగతంటారా, జూలైలో మా జిల్లాలో వాన తప్పకుండా పడే చోటు ఆ రెయిన్ డాన్స్ ఒక్కటే. అదీ టికెట్ మీద.

ఎండాకాలంలో ఆ పార్కుకు సీజను. రాయదుర్గంలో జీన్సు కుట్టేవాళ్ళు వ్యాన్లు మాట్లాడుకుని వస్తారు. తాడిపత్రి బండల ఫ్యాక్టరీల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. అప్పుడు అలల కొలనులో నీళ్ళు కనబడవు, తలకాయలే కనబడతాయి. ఆ తర్వాత ఆషాఢం వస్తుంది. మిగతా దేశానికి ఆషాఢమంటే వాన. మాకు గాలి. మబ్బులు పడమటి నుంచి వస్తాయి, మా నెత్తి మీదుగా తీరిగ్గా పోతాయి, ఎవరి ఊళ్ళోనో కురుస్తాయి. మాకు మిగిలేది వాటి వెనక వచ్చే గాలి. మిద్దె మీద ఆరేసిన చీర కోసం పక్కవీధికి పోవాలి. ఆ గాలిలో డబ్బిచ్చి మరీ తడిసి వణకాలనే బుద్ధి ఎవరికి పుడుతుంది? నా వాదనకు ఇదే పునాది.

అయినా మాకు పుట్టింది. అందుకు కారణం మా అమ్మాయి.

అమ్మాయికి పెళ్ళయి అప్పటికి రెండు నెలలు. మొదటి ఆషాఢం కాబట్టి మా ఇంటికి వచ్చి ఉంది. కొత్త కోడలు ఆషాఢంలో అత్తతో పాటు ఒకే ఇంట్లో ఉండకూడదు. కొత్త అల్లుడు, అత్త ఒకే గడప దాటకూడదు. దాటితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. ఏదో అవుతుందని మాత్రం అందరూ చెప్పగలరు. నాకు వీటిలో నమ్మకం లేదు. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. విత్తనం వేసే రోజుల్లో కొత్త పెళ్ళికొడుకు అత్తగారింట్లో కూర్చుని ఓళిగలు, అదే బొబ్బట్లు, తింటూ ఉంటే సేద్యం సాగదని పూర్వం పెట్టుకున్న ఏర్పాటు ఇదని మా వియ్యపురాలికి ఫోన్లో వివరంగా చెప్పాను. ఆమె చివరిదాకా ఓపికగా విన్నది.

"శానా బాగ చెప్పినావు వదినా," అంది. "పాడ్యమికి ముందే వచ్చి పాపను పిల్చుకోని పో."

మా వియ్యపురాలిది ధర్మవరం. పట్టుచీరల మగ్గాలూ అంగడీ ఉన్న ఇల్లు. చీర కొంగు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి అది ఎవరి మగ్గం మీద దిగిందో చెప్పే మనిషి. మనుషులను కూడా అలాగే నలిపి చూస్తుంది. ఆమెతో నేను వాదించిన ప్రతిసారీ ఆమె ఒప్పుకుంటుంది, పని మాత్రం ఆమె అనుకున్నట్టే జరుగుతుంది. ఈ విద్య నాకు ఇప్పటికీ పట్టుబడలేదు.

అమ్మాయి వచ్చిన మొదటి నాలుగు రోజులూ ఫోను చెవికి అతికించుకునే తిరిగింది. తర్వాత మాటలు తగ్గాయి. "తిన్నావా", "తిన్నా", "సరే", "సరే". కరెంటాఫీసు నోటీసులో కూడా ఇంతకంటే ప్రేమ ఉంటుంది. ఒక పొద్దున చూస్తే చట్నీ లేకుండా దోసె తింటోంది.

"ఏమైంది పాపా?"

"ఏం కాలేదు."

"ఏం కాకుంటే ఉత్త దోసె ఎట్ల దిగుతాది గొంతులో?"

అప్పుడు చెప్పింది. పుట్టింటికి వచ్చే ముందురోజు ఫ్యాను రెండులో పెట్టాలా మూడులో పెట్టాలా అని ఇద్దరూ వాదించుకున్నారట. మొన్న ఫోన్లో అదే మళ్ళీ లేస్తే అల్లుడు విసుక్కుని, "మీ అమ్మ మాదిరి వాదించొద్దు," అన్నాడట.

"దానికి నువ్వేమన్నావు?"

"మా అమ్మ మాదిరి వాదించాలంటే తెలివుండాల, అది మీ ఇంట్లో యాడుండాది అని అన్నా."

సంతోషించాలో బుద్ధి చెప్పాలో తేలక ఆమె ప్లేట్లో ఇంకో దోసె వేశాను. గొడవ నా నోటి గురించి వచ్చింది. నా కూతురు నా నోటి తరఫున నిలబడింది. కానీ ఆ మాటలో అల్లుడొక్కడే లేడు, వాళ్ళ అమ్మ కూడా ఉంది. అల్లుడు ఏ కోపంలోనో ఆ మాట వాళ్ళమ్మతో అంటే, ఆ తర్వాత ఇది ఫ్యాను గొడవగా మిగలదు. ఆ ఇంట్లో మా పిల్ల ముప్పై ఏళ్ళు మోయాల్సిన మాట అవుతుంది.

"ఫోన్లో చెప్తే కుదర్దు మా," అంది. "ఎదురుగ్గా చూసి సారీ చెప్పాల. ఆయప్పకి కూడా చూడాలనే ఉండాది. ఆషాఢం అయ్యేంతవరకూ ఆగితే మనసులో గడ్డకట్టి పోతాది."

ఎక్కడ కలవాలన్నది సమస్య. ఊళ్ళో హోటలుకు పోతే మా చుట్టాలు, ధర్మవరంలో అయితే వాళ్ళ చుట్టాలు. వీళ్ళు కాఫీ తాగి కప్పు కింద పెట్టేలోపే వార్త వియ్యపురాలికి చేరుతుంది. అందుకని అల్లుడు మెసేజు పెట్టాడట, సెలవుల్లో థీమ్ పార్కుకు పోదాం, అక్కడైతే జనం మధ్యలో ఎవరూ పట్టించుకోరు అని.

నేను నోరు మూసుకుని సరే అని ఉండాల్సింది. అది మన చేతిలో ఉందా?

"జనమా?" అన్నాను. "ఆషాఢంలో ఆడ ఈగలు కూడా ఉండవు."

మా ఆయన పేపరు దించాడు. "మూడ్రోజుల సెలవు. ఇసకేస్తే రాలదు."

"యాడుంటారప్పా జనం? పెండ్లిండ్లు లేవు, కొత్త జంటలు లేవు. రైతులు యాడన్నా చుక్క పడ్తాదేమోనని మబ్బుల పక్క చూస్తాండారు. బడి పిల్లోళ్ళకు ఇప్పుడే పుస్తకాలు కొనిచ్చి అమ్మానాయనలు ఖాళీ జేబులతో ఉండారు. ఇంక మిగిలిందెవరు? నువ్వు. నువ్వేమో పీర్ల పండక్కి మీ ఊరికి పోతాండావు. నీ మాదిరి జిల్లా అంతా పీర్ల నిప్పుల గుండం కాడే ఉంటాది."

"నేను పోతే అందరూ పోతారా?"

"నువ్వు పొద్దున లేచేది కూడా పక్కింటోళ్ళు లేచినాక."

అమ్మాయి ఆశగా వాళ్ళ నాన్న వైపు చూసింది. "నాయనా, జనం ఉంటారు గదా?"

"ఉంటారు పాపా. మీయమ్మ మాట పక్కనబెట్టు. జనం ఉంటే ఆమె వారం రోజులు ఎవరితోనూ వాదించగూడదు, అదీ పందెం."

"లేకుంటే?"

"లేకుంటే నీ మాట వింటా. ఇప్పుడు చేసేదీ అదే గదా."

అలా వారం గడిచింది. పక్కింటావిడ జనం ఉంటారంది, పాలాయన ఉండరన్నాడు. నేను రోజుకో కొత్త రుజువు చూపించాను. రుజువు చూపించిన ప్రతిసారీ మా పిల్ల ముఖం ఇంకొంచెం వాడిపోయింది. అది చూసి కూడా ఆగలేదంటే, వాదన రుచి అలాంటిది.

మా ఆయన కొత్త పంచె కట్టుకుని పీర్ల పండక్కి బస్సెక్కాడు. మేమిద్దరం ఎదురు దిక్కున పోయే బస్సెక్కాం. కిటికీలోంచి చూస్తే వచ్చే ఆటోలన్నీ నిండుగా ఉన్నాయి. చక్కెర పొట్లాలతో, పూలదండలతో మనుషులు వేలాడుతున్నారు. అన్నీ మేము వచ్చిన వైపే పోతున్నాయి. మా వైపు వచ్చే బస్సులో మేమూ, కండక్టరూ, ఒక మేకా.

సగం దారిలో అమ్మాయి ఫోను మోగింది. మెసేజు చదివి నా వైపు తిరిగింది.

"మా, వాళ్ళమ్మ కూడా వస్తాదంట."

"యాలంట?"

"స్నేహితులతో పోతాండానని చెప్పినాడంట. నేను కూడా ఎప్పుడూ చూడలేదు, పద నాయనా అని చీర మార్చుకోనింది. వద్దంటే అనుమానమొస్తాదని తీసుకోనొస్తాండాడు. జనంలో ఆమెను యాడన్నా కూర్చోబెట్టి అరగంట తప్పించుకోని వస్తాడంట." మెల్లగా అడిగింది. "జనం ఉంటారు కదమ్మా?"

వారం రోజుల రుజువులన్నీ పక్కన పెట్టాను.

"ఉంటారులే," అన్నాను. "ఇసకేస్తే రాలదు."

వాదన మధ్యలో పక్షం మార్చడం నా జీవితంలో అదే మొదలు. ఫలితం లేకపోయింది.

పార్కు ముందు బండ్లు నిలిపే స్థలంలో ఒక నీళ్ళ ట్యాంకరు, దాని నీడలో గొర్రెల మంద. టికెట్ల కిటికీ దగ్గర కాపలా అన్న కుర్చీలో కునుకు తీస్తున్నాడు. మమ్మల్ని చూసి ఎప్పుడో తప్పిపోయిన బంధువులను చూసినట్టు లేచాడు.

"ఇద్దరే వచ్చినారా అమ్మా?"

"ఇంగెవరూ రాలేదా అన్నా?"

"మీరే బోణీ."

గేటు గుత్తి కోట గుమ్మాన్ని చూసి కట్టినట్టుంది. సిమెంటుతోనే అయినా బురుజులున్నాయి. కింద నల్లరాయి గడప. ఓనరు ప్రతి శుక్రవారం పూజ చేయిస్తాడేమో, దానికి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. పైన మామిడాకుల తోరణం గాలికి గలగలమంటోంది. ఆ గడప దాటి లోపలికి పోయాం.

ఖాళీ బడి, ఖాళీ సినిమా హాలు చూశాను గానీ ఖాళీ థీమ్ పార్కు అంత దిగులుగా ఏదీ ఉండదు. జారుడుబండలు ఎవరూ జారకుండా వంకర్లు తిరిగి నిలబడి ఉన్నాయి. మైకులో పాట గాలికి ఒకసారి వినిపించి ఒకసారి పోతోంది. అలల కొలను ఇత్తడి తాంబాళంలా కదలకుండా ఉంది. గాలి ఎండుటాకులన్నీ తెచ్చి దానికి ఒక మూల చేర్చింది.

"నువ్వు చెప్పినట్లే అయిందమ్మా," అంది అమ్మాయి. చావు కబురు చెప్పేవాళ్ళు కూడా కొంచెం ఉత్సాహంగా చెబుతారు.

అంతలో హైవే మీంచి ఒక ఆటో మలుపు తిరిగింది. మా సీమలో ఇదొక కష్టం, వచ్చే మనిషి రెండు మైళ్ళ నుంచీ కనబడతాడు. మనమూ వాళ్ళకు అలాగే కనబడతాం. దాక్కోవడానికి ఒక పొద కూడా లేదు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని డైనోసారు వెనక్కి లాక్కుపోయింది. దాని వెనకకాళ్ళ మధ్య ఇద్దరం ఒదిగి నిలబడ్డాం. యాభై దాటిన ఆడదాన్ని, చదువుకున్నదాన్ని, సిమెంటు బల్లి తోక కింద ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అంతా బాగానే ఉండేది గానీ గాలి ఊరుకోలేదు. నా చీర కొంగు అందుకుని డైనోసారు నడుము పక్కనుంచి జెండాలాగా ఎగరేసింది.

గేటు దగ్గర్నుంచి గొంతు వినబడింది.

"వదినా, ఆ రాక్షసబల్లి ఎనక ఉండేది నువ్వేనా? ఆ అంచు మా మగ్గం మీద దిగిందే."

బయటికి రాక తప్పలేదు. వియ్యపురాలు గేటుకు అవతల, చేతిలో పెద్ద సంచితో నిలబడి ఉంది. పక్కన అల్లుడు, పరీక్షలో కాపీ కొడుతూ దొరికిపోయిన ముఖంతో. నేను అరుగంత నవ్వు ఒకటి పరిచి ముందుకు నడిచాను.

"ఏం వదినా, మీరు కూడా వచ్చినారా? మేము ఊరికే, జనం ఉండరని..."

"జనం ఉండరని మేమూ వచ్చినాం," అంది. అల్లుడు లోపలికి అడుగు పెట్టబోయాడు. ఆమె అతని చొక్కా వెనక పట్టుకుంది. "ఆగు నాయనా. గడప."

"పార్కు గేటమ్మా ఇది," అన్నాడు అల్లుడు.

"పసుపుండాదా లేదా?"

"ఉండాది."

"తోరణముండాదా లేదా?" ఆమె కాపలా అన్న వైపు తిరిగింది. "ఏమప్పా, దీన్ని మీరేమంటారు?"

"మెయిన్ గేటంటామమ్మా. శుక్రారం మా సారొచ్చి టెంకాయ కొడ్తాడు."

"టెంకాయ కూడా కొడ్తారంట," అంది ఆమె నాతో, కోర్టులో సాక్షిని చూపించినట్టు. "పసుపు పూసి, తోరణం గట్టి, టెంకాయ కొట్టినాక అది గడప గాక ఇంగేమి?"

ఇక నేను ఊరుకుంటానా. టికెట్టు కొని పోయే చోట గడప ఎట్లవుతుందన్నాను. ఆ లెక్కన బస్సుకు కూడా దసరాకు పసుపు కుంకుమ పెడతారు, మరి అత్తా అల్లుడు ఒకే బస్సెక్కకూడదా అన్నాను.

"బస్సుకి పసుపు పెట్టేది ముందర అద్దానికి," అంది ఆమె. "మెట్లకి గాదు."

కల్యాణమంటపం సంగతేమిటన్నాను. ఆషాఢంలో పెళ్ళిళ్ళే లేవు కదా, కల్యాణమంటపం ప్రశ్న యాడుండాది అంది. నేను చరిత్ర దాకా పోయాను. ఆమె తల ఊపుతూ వింది, గడప మాత్రం కదల్లేదు. కాపలా అన్న కుర్చీ మా వైపు తిప్పుకుని సౌకర్యంగా కూర్చున్నాడు.

అలా వాదిస్తూ ఎందుకో పక్కకు చూశాను. గడపకు లోపల అమ్మాయి, బయట అల్లుడు. మధ్యలో నాలుగు అడుగులు కూడా లేవు. ఇన్ని రోజులుగా చూడాలనుకున్న మనుషులు ఒకరినొకరు చూసుకోవడం లేదు. అమ్మాయి కాలి బొటనవేలు చూసుకుంటోంది. అల్లుడు ఆగిపోయిన ఫోను చూసుకుంటున్నాడు. మా ఇద్దరి గొంతులూ వాళ్ళ తలల మీదుగా పోతున్నాయి. ఈ వాదన నేను గెలిస్తే అల్లుడికి మా అమ్మాయి అన్న మాట ఇంకోసారి గుర్తొస్తుంది. ఓడితే ఇద్దరూ ఎవరి బస్సు వాళ్ళెక్కి వెళ్ళిపోతారు.

వాక్యం మధ్యలో ఆపేశాను.

వియ్యపురాలు ఆశ్చర్యపోయి నన్ను చూసింది. తర్వాత నేను చూస్తున్న వైపు చూసింది. చీర కొంగు వేళ్ళతో నలిపి చూసేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో అలా అయింది.

"అదిసరే వదినా," అంది. "ఒకే గడప దాటకూడనిది ఎవరెవరు?"

"అత్తా అల్లుడు. అత్తా కోడలు."

"అంటే తప్పు యాడుండాది? అత్తల కాడ. మొగుడూ పెండ్లామూ దాటగూడదని యాడన్నా ఉండాదా?"

"లేదు."

"మల్ల నువ్వు బయటికి రా."

"నేను ముందే దాటి లోపలికొచ్చినాను గదా?"

"వచ్చిన దావలోనే ఎనక్కి దాటితే కొట్టేసినట్లే."

"ఇది ఏ శాస్త్రంలో ఉండాది?"

"మా అత్త చెప్పింది."

"ఎప్పుడు చెప్పింది?"

"ఆమెనే అడుగుదువు గానీ, పోయి పదేండ్లాయె."

ఇంత చదివినా ఆ చిన్న సందు నాకు కనబడలేదు. నేను శాస్త్రాన్ని బద్దలు కొట్టాలని చూశాను. ఆమె దాని పక్కనున్న తలుపు తీసింది. కుడికాలు ముందు పెట్టాలో ఎడమకాలు ముందు పెట్టాలో కూడా అడిగి, వెనక్కి దాటి బయటికొచ్చాను. అల్లుడు లోపలికి పోయాడు. ఇద్దరూ ఒకరికొకరు మూరెడు దూరంలో కొలను వైపు నడిచిపోయారు. అంత పెద్ద పార్కులో అప్పటికి జనం సంఖ్య రెండు.

మేమిద్దరం టికెట్ల కిటికీ పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. బయటి తిండి లోపలికి పోనివ్వరు కాబట్టి సంచి కూడా మాతోనే మిగిలింది. వియ్యపురాలు గాలికి వీపు పెట్టి మూటలు విప్పింది. బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు, ఓళిగలు. ఓళిగలు ఒకటీ రెండూ కాదు, దొంతరగా ఉన్నాయి.

"మీ ఇద్దరికే ఇన్ని చేసినావా వదినా?"

"గాలికి ఆకలేస్తాదని."

ఓళిగల కింద తడిగుడ్డలో చుట్టిన కనకాంబరాల దండ బయటపడింది. ఆమె పూలు పెట్టుకుని ఉంది, అవి మల్లెపూలు. కనకాంబరాలంటే పడిచచ్చేది మా అమ్మాయి.

"ఇవి ఎవరికి? డైనోసారుకా?"

"గమ్మునుండు వదినా," అంది. దండను కాపలా అన్న చేతికిచ్చింది. "ఆ పాపకిచ్చి రాప్పా. అత్త ఇమ్మనిందని చెప్పు." అతను లోపలికి పోయాక, నా వైపు చూడకుండా బజ్జీ తుంచింది. "వాడు వారం నుంచి ఉప్పు లేని కూర పెట్టినా అడక్కుండా తింటాండాడు. నేను బుద్ధిపూర్వకంగానే ఉప్పు మానేసి చూసినా. స్నేహితులతో పోతాండా అన్నాడు. ఉప్పడగనోనికి స్నేహితులేమి?"

నాకు భయం వేసింది. "ఏం గొడవో నీకు తెలుసా?"

"తెలీదు."

"అడగలేదా?"

"అడిగితే తెలుస్తాది," అంది. "తెలిస్తే కోపమొస్తాది. కోపమొస్తే మల్ల ఓళిగలెవరు చేస్తారు?"

చెప్పడానికి నా దగ్గర చాలానే ఉంది. ఒక బజ్జీ నోట్లో పెట్టుకుని, నోరు మూయించే పని మిరపకాయకు అప్పగించాను.

ప్రహరీ గోడ నడుము ఎత్తే. అక్కడ కూర్చుంటే కొలను కనబడుతోంది. ఇద్దరూ గట్టు మీద, ఊరుకాని ఊళ్ళో బస్సు కోసం చూసే మనుషుల్లా నిలబడ్డారు. అమ్మాయి జడలో కనకాంబరాలున్నాయి. ఏదో ఒక మాట, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఒక మాట. ఖాళీ చోట సారీ చెప్పడం కష్టం. చుట్టూ ఏదో ఒకటి జరుగుతూ ఉండాలి, ఆ సందట్లో అనేసెయ్యాలి. ఆ నీళ్ళు కూడా వాళ్ళిద్దరి మాదిరే బిగుసుకుని ఉన్నాయి.

కాసేపటికి అల్లుడు గేటు దగ్గరికొచ్చాడు. గడపకు లోపలే ఆగాడు.

"అత్తా."

"ఏమప్పా?"

"అలలు వెయ్యరంట. పదిమంది ఉంటేగానీ మోటారు వెయ్యరంట."

"నువ్వు మాట్లాడలేదా?"

"మాట్లాడినా." తల వంచుకుని చెవి గోక్కున్నాడు. "మీ మాదిరి మాట్లాడాలంటే రాలేదు. మీరొకసారి మాట్లాడ్తారా?"

అతని వెనక, దూరంగా, అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు, నవ్వుతోంది. అల్లుడు వెనక్కి తిరిగి ఆమెను చూసి, అతనూ నవ్వాడు. నా కొంగు నడుముకు దోపుకున్నాను.

"మేనేజరును పిల్చుకోని రాప్పా."

మేనేజరు స్వెటరు వేసుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని వచ్చాడు. పాపం, మంచివాడే.

"రూలు మేడమ్. పదిమంది లేకుంటే కరెంటు ఖర్చుకి కూడా రాదు."

"ఆ రూలు యాడ రాసినారు?"

"లోపల, కొలను కాడ బోర్డు మీద."

"టికెట్టు కొన్నాక అగపడేది రూలు గాదప్పా, ఉచ్చు."

"చీర అమ్మినాక, మడత లోపల చిరుగుండాదని చెప్పినట్ల," అంది వియ్యపురాలు పక్కనుంచి.

ఆమె నా పక్షాన మాట్లాడటం అదే మొదటిసారి. మేనేజరు ఒకరి నుంచి ఒకరి వైపు చూశాడు.

"మీరిద్దరూ లోపలికి రండి మేడమ్. నలుగురవుతారు. ఇంగెవరన్నా వస్తారేమో చూద్దాం."

"మేము గడప దాటం," అన్నాం ఇద్దరం ఒకేసారి.

"ఏం గడప మేడమ్?"

"అది నీకు చెప్తే పొద్దుగూకుతాది," అన్నాను. "నా ప్రశ్నకు బదులు చెప్పు. మీ బోర్డులో పదిమంది మనుషులని ఉండాదా, పదిమంది టికెట్లని ఉండాదా?"

"మనుషులనే ఉండాది..."

"నువ్వు మనిషివి గాదా?"

"అంటే..."

"ఈ కాపలా అన్న మనిషి గాదా? ఆడ గొట్టం పట్టుకోని చెట్లకి నీళ్ళు పోసేటోళ్ళు మనుషులు గాదా? క్యాంటీన్లో ఉత్తగ కూర్చోనుండేటోళ్ళు? రూలు నీదే. నేను మార్చమనలేదు. నీ రూలు నువ్వు పాటించు, అంతే."

మేనేజరు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. కాపలా అన్నే టోపీ తీసి కుర్చీ మీద పెట్టాడు.

"సార్, నేను చేరినప్పట్నుంచి ఒక్కసారి గూడా ఆ నీళ్ళలో దిగలేదు సార్," అన్నాడు.

పనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. మొదట సిగ్గుపడ్డారు. ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడిచారు, ఆడవాళ్ళు చీరలు ఎత్తి దోపుకున్నారు. గొర్రెలు కాచే పెద్దాయన గోడ మీదుగా తొంగి చూస్తుంటే ఆయన్ని కూడా లెక్కలోకి రమ్మన్నారు. కర్ర గోడకు ఆనించి వచ్చాడు. పది నిండకపోయేసరికి మేనేజరు స్వెటరు విప్పి తానే దిగాడు. గుట్టల అవతల గాలిమరలు తిరుగుతున్నాయి. ఇక్కడ మోటారు గుర్రుమంది. తాంబాళంలా ఉన్న నీళ్ళు ఒకసారి ఉబ్బాయి, వెనక్కి తగ్గాయి, లేచాయి. మూల చేరిన ఎండుటాకులన్నీ మధ్యలోకి కొట్టుకొచ్చాయి. మొదటి అల తగలగానే కాపలా అన్న పెట్టిన కేకకు బయట గొర్రెలు బెదిరాయి.

వియ్యపురాలు లేచి గోడ దగ్గరికి పోయింది. కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని పెట్టుకుంది. నేనూ పోయి పక్కన నిలబడ్డాను. నురగలో, కేకల్లో, ఒకరి మీద ఒకరు పడుతున్న ఆ గుంపులో మా పిల్లలు ఎక్కడో ఉన్నారు. ఒకసారి కనకాంబరాల ఎరుపు కనిపించి మునిగింది. ఎవరిదో చెయ్యి ఎవరిదో చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత మేనేజరు వీపు అడ్డం వచ్చింది.

"యాడుండారు వదినా?" అని అడిగింది ఆమె.

నేను కూడా వెతికాను. మరీ అంత గట్టిగా వెతకలేదు.

"జనం శానా ఉండారు," అన్నాను. "అగపడ్లేదు."

ఆమె తల ఊపి, ఇంకో ఓళిగ తీసి నా చేతిలో పెట్టింది. మర్నాడు ఊరి నుంచి వచ్చి మా ఆయన జనం ఉండిరా అని అడిగితే, ఆయనకూ అదే మాట చెప్పి పందెం ఓడిపోయాను.